కత్తెరమ్మ కూర్చుంది

ట్యూబును ఎవరో నడుమ నొక్కారు.

కోడలు స్నానాలగది గడియ పెట్టుకుని దాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసింది. తను ఎప్పుడూ తోక నుంచే నొక్కుతుంది. ఖాళీ అయిన మేర చుట్ట చుట్టి, అది విడిపోకుండా బట్టల క్లిప్పు పెడుతుంది. రోజంతా జానెడు గుడ్డ వృథా కాకుండా చూసుకునే చేతులు మందును మాత్రం ఎలా వృథా చేస్తాయి? చుట్ట చుట్టగానే ఉంది, క్లిప్పూ ఉంది. పొట్ట దగ్గర మాత్రం ఎవరిదో బొటనవేలు దిగబడిన గుంట ఉంది. మూత కూడా సరిగ్గా బిగించలేదు.

ఆమె దాన్ని మోకాలి మీద పెట్టి చదును చేసింది. చేతి అద్దాన్ని గోడకు ఆనించి, బఠాణీ గింజంత మందు వేలికి తీసుకుని, పీట మీద కాళ్ళు ఎడం చేసి కూర్చుంది. యోని పెదవుల చుట్టూ చర్మం తెల్లబడి, ఉల్లిపొరలా పల్చబడి, కింద ఒకచోట చీలి ఉంది. మొదట్లో ఆ అద్దంలోకి చూడాలంటేనే ఏడుపొచ్చేది. ఇప్పుడు కాలరు అంచు చూసుకున్నట్టే చూస్తుంది, ఎక్కడ కుదిరిందో, ఎక్కడ ఇంకా కుదరలేదో. రుద్దకుండా, తెల్లగా ఉన్న చోటల్లా మెల్లగా అద్దింది. చీలిక మీద పడగానే చురుక్కుమంది. పళ్ళు బిగబట్టి ఊరుకుంది.

దురద అంటే ఎవరికైనా నవ్వులాటగానే ఉంటుంది. నిద్రలో తనకు తెలియకుండా గీరుకుని, తెల్లారి గోళ్ళలో రక్తం చూసుకున్న మనిషికి అది నవ్వులాట కాదు. ఈ మందు వచ్చాకే ఆమె నిద్ర అనేదాన్ని మళ్ళీ చూసింది. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది: "ఇది పూర్తిగా పోయేది కాదమ్మా, అదుపులో పెట్టుకునేది. ఇది హార్మోను క్రీము. మన ఒంట్లో తయారయ్యేదాని లాంటిదే, ట్యూబులో పెట్టారు, అంతే. నేను చెప్పినట్టు రాస్తే భయం లేదు. మానేస్తే మళ్ళీ తిరగబెడుతుంది, ఏళ్ళ తరబడి వదిలేస్తే క్యాన్సరు లాంటి పాడు జబ్బుకు కూడా దారి తీయొచ్చు. ఎవరి నుంచీ నీకు అంటలేదు, నీ నుంచి ఎవరికీ అంటదు. తప్పుడు పనుల వల్ల వచ్చేది అసలే కాదు."

ఆ చివరి ముక్కలు ఆమె ఇంటికొచ్చి ఉన్నవి ఉన్నట్టు అప్పజెప్పింది. ఎవరూ చెవిన పెట్టలేదు. అంటుజబ్బే, తప్పుడు తిరుగుళ్ళ వల్లే వచ్చిందని అత్తగారు తేల్చేసింది. ఆ మర్నాడే ఆమె వాటాకు మూలనున్న పాత సున్నం బకెట్టు వచ్చింది, బట్టలు ఆరేసుకోవడానికి పెరట్లో వేరే తాడు వచ్చింది, మొగుడు తలగడ పట్టుకుని ముందుగదిలో కటింగ్ బల్ల మీదికి వెళ్ళిపోయాడు. మెతక మనిషి. గొంతు పెంచి ఒక్క మాట అనలేదు. మెతకవాళ్ళు చేసే పనులకు చప్పుడుండదు, అంతే తేడా.

ముందుగదే దుకాణం. అత్తగారు కత్తిరిస్తుంది, కోడలు కుడుతుంది, కూలికి వచ్చే గుండీలక్క గుండీలు వేస్తుంది, కొడుకు కొలతలు తీసుకుని ఇస్త్రీ చేస్తాడు. బడులు తెరిచే రోజులు, గది నిండా నీలం గుడ్డ. అత్తగారిని బజారంతా కత్తెరమ్మ అనే పిలుస్తుంది. నీలం గుడ్డను మడతల మీద మడతలుగా పరిచి, సుద్దతో గీత గీసి, పెద్ద కత్తెర పెట్టిందంటే అవతలి చివర దాకా ఆపదు. ఆ చెయ్యి తొణకడం ఎవరూ చూడలేదు. ఆవిడ కూర్చోవడమూ ఎవరూ చూడలేదు. అన్నం గోడకానుకుని నిలబడే తింటుంది, టీ నిలబడే తాగుతుంది, ఎంత దూరమైనా బండెక్కకుండా నడిచే పోతుంది. వచ్చిన ప్రతివాడికీ కొడుకు అదే చెప్పుకుని మురిసిపోతాడు.

"మా అమ్మ కూర్చోగా నేను పుట్టాక చూడలేదండీ. ఈ కాలం ఆడవాళ్ళు, అదిగో, కూర్చుని కుట్టడానికే ఆపసోపాలు పడుతున్నారు."

ఈ కాలం ఆడది తొక్కుడు మిషన్ ముందు కూర్చుని ఉంది. పాదం కిందికీ పైకీ ఆడినప్పుడల్లా తొడ తొడకు రాసుకుంటుంది, తొడల మధ్య లోపలి గుడ్డ రాసుకుంటుంది. కాసేపు ఒక పిర్ర మీద, కాసేపు ఇంకో పిర్ర మీద బరువు వేసి ఒక నిక్కరు సగం కుట్టి, ఇక ఓర్చుకోలేక లేచింది.

"మళ్ళీ లేచావా?" అంది కత్తెరమ్మ, తలెత్తకుండానే. "కుర్చీలో ముళ్ళేమైనా మొలిచాయా?"

"అత్తయ్యా, నా మందు ఎవరో వాడుతున్నారు."

కత్తెర ఆగలేదు. "నీ మందా? విషమిస్తే తీసుకుంటారేమో గానీ దాన్ని ఎవరు ముట్టుకుంటారమ్మా?"

"నొక్కిన గుర్తుంది. రోజూ తగ్గిపోతోంది."

"లోపలికి వెళ్ళేది మనం కాక గుండీలక్కే కదా," అన్నాడు కొడుకు ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

అప్పుడు ఆగింది కత్తెర. కత్తెరమ్మ చాప వైపు తిరిగింది. అక్కడ గుండీలక్క చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని, నోట్లో దారం తడుపుకుంటోంది. మాటకు మాట అప్పజెప్పే మనిషి, గుండీలతో పాటు బజారు కబుర్లు కూడా కుట్టిపెట్టే మనిషి.

"అవును," అంది కత్తెరమ్మ మెల్లగా. "మొన్న మొహం తెల్లగా నిగనిగలాడుతూ వచ్చావు. ఏం పూశావు?"

"పౌడరమ్మా!" గుండీలక్క నోట్లో దారం జారిపోయింది. "ఇదేం మాట? మీ కోడలు దాన్ని ఎక్కడ రాసుకుంటుందో ఈ వీధికంతా తెలుసు. తెలిసి తెలిసి నేను మొహానికి పూసుకుంటానా?"

కొడుకు కిసుక్కున నవ్వాడు. కొలతలిచ్చేందుకు వచ్చినావిడ ఒకతె గుమ్మంలో నిలబడి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలి చెవులు కాలిపోయాయి.

"నోరు లేస్తోందే," అంది కత్తెరమ్మ. "దొంగ చెయ్యి, పొగరు నోరు, రెండూ నా దుకాణంలో కుదరవు. సంచి సర్దుకో."

"అమ్మా, నా పిల్లల మీద ఒట్టు."

"సర్దుకో అన్నాను."

గుండీలక్క కోడలి వైపు చూసింది. ఒక్క మాట అంటే సరిపోయేది. 'అక్క కాదులెండి, నేనే పొరబడ్డానేమో' అంటే చాలు. కోడలు అనలేదు. వీధి వీధంతా తన మీద పెట్టిన చూపు కాసేపు ఇంకొకరి మీదికి మళ్ళింది, ఆ కాసేపు ఆమెకు హాయిగా కూడా అనిపించింది. సిగ్గు తర్వాతెప్పుడో వచ్చింది, అప్పుడు మాత్రం రాలేదు. గుండీలక్క సూదుల డబ్బా, కళ్ళజోడు సంచిలో వేసుకుని, పీట అక్కడే వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకుని మరీ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మొగుడు గుమ్మం అవతల నిలబడి చెప్పాడు. ఈమధ్య అతను ఏం చెప్పినా గుమ్మం అవతలి నుంచే చెబుతున్నాడు.

"ఆదివారం మీ అన్నయ్యను రమ్మన్నాం. జబ్బు తగ్గేదాకా అక్కడే ఉండు. మిషన్ మీదికి ఒకతన్ని మాట్లాడాను."

"తగ్గేదాకా అంటే ఏంటండీ? ఇది అదుపులో ఉంటుంది గానీ పోయేది కాదని చెప్పాను కదా."

"అదేలే. తగ్గాక చూద్దాం."

పోయేదే కాని జబ్బు తగ్గేదాకా అంటే ఎప్పటికీ రావద్దనే. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసే అంత మెత్తగా చెప్పాడు. ఆమెకు ఈ ఇంట్లో ఉన్నది ఒక మిషను, ఒక మొగుడు. మొగుడి మాట ఎలా ఉన్నా, ఆ మిషను మీద ఇంకెవరో కూర్చుంటారంటే మాత్రం ఒప్పుకోలేకపోయింది.

మర్నాడు పొద్దున ట్యూబు మళ్ళీ నడుమ నొక్కి ఉంది. గుండీలక్క లేదు. గుంట మాత్రం ఉంది.

కోడలు దాన్ని చూస్తూ పీట మీద చాలాసేపు కూర్చుండిపోయింది. మొగుడా? అతనికి పాదాలు పగులుతాయి. కానీ ఆ గదిలో ఆమె వస్తువు ఏదున్నా దాన్ని కాలితో పక్కకు నెట్టే మనిషి, చేత్తో తీస్తాడా? ఎటూ తేలలేదు. వచ్చి మిషన్ మీద కూర్చుంది.

పని కుప్పపడింది. కత్తిరించినవీ కుట్టినవీ సరే, గుండీలు వేసే చెయ్యి లేదు. మధ్యాహ్నానికి చొక్కాలు చాప మీద కొండలా పెరిగాయి. బడివాళ్ళ మనిషి వచ్చి ఇంతెత్తున లేచి వెళ్ళాడు. కత్తెరమ్మ కత్తెర పక్కన పెట్టి, "గుండీలు వెయ్యడం కూడా ఒక విద్యేనా, ఇలా తే," అని సూది అందుకుంది. కిటికీ దగ్గర వెలుతురు బాగుంది. ముక్కాలిపీట అక్కడే ఉంది. ఆవిడ ధ్యాసంతా సూది బెజ్జంలో ఉంది.

కత్తెరమ్మ కూర్చుంది.

ముందు కుడి పిర్ర మోపింది. ఆగింది. మోకాళ్ళు దగ్గరికి రానివ్వకుండా, చీర కుచ్చిళ్ళను వేళ్ళతో ముందుకు లాగి, తొడల మధ్య గుడ్డ నలగకుండా చూసుకుని, అప్పుడు ఎడమవైపు బరువు వదిలింది. కోడలి పాదం మిషన్ మీద ఆగిపోయింది. ఆ కూర్చోవడం ఎవరూ ఎవరికీ నేర్పరు. ఒళ్ళు నేర్పుతుంది. తను రోజూ ఈ కుర్చీలో అలాగే కూర్చుంటుంది, కుడివైపు ముందు, ఆపైన కుచ్చిళ్ళు, ఆపైన ఎడమవైపు.

"అమ్మా!" కొడుకు ఇస్త్రీపెట్టె దించేశాడు. "కూర్చున్నావే! వానొస్తుందేమో చూడండర్రా!"

కత్తెరమ్మ నిప్పుమీద కూర్చున్నట్టు లేచింది. ఒళ్ళో గుండీలు నేల మీద దొర్లాయి.

"కాళ్ళు లాగాయిరా. కూర్చోకూడదా నేను?"

"కూర్చోమ్మా, ఎవరొద్దన్నారు?"

ఆవిడ మళ్ళీ కూర్చోలేదు. కిటికీకి ఆనుకుని, నిలబడే గుండీలు కుట్టింది. కోడలు వంగి గుండీలు ఏరింది. ఏరుతూ తలెత్తి చూసింది. అత్తగారు చూపు తిప్పుకుంది. గోడకానుకుని తిన్న అన్నం, బండెక్కని నడక, ఊరంతా గొప్పగా చెప్పుకున్న ఆ నిలబడటం, అన్నీ కోడలి కళ్ళ ముందు ఒక్కొక్కటిగా కుట్లు విప్పుకున్నాయి. ఆమెకు జాలి వెయ్యలేదు. వేస్తుందేమోనని ఆగి చూసుకుంది కూడా. ఒళ్ళంతా కోపమే ఉంది.

శనివారం పొద్దున కత్తెరమ్మ స్నానాలగది తలుపు తీసేసరికి ఎదురుగా కోడలు చెయ్యి చాపి నిలబడి ఉంది.

"ఇవ్వండి."

"ఏంటి?"

"మీ గుప్పిట్లో ఉన్నది."

కత్తెరమ్మ కొడుకు ఎక్కడున్నాడా అని ముందుగది వైపు చూసింది. వాడు ఇంకా బల్ల మీద గురక పెడుతున్నాడు. గుప్పిట విప్పింది. ట్యూబు, మూత విడిగా.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది మీకు?"

"వాడు పుట్టకముందు నుంచి." ఆవిడ గొంతు దుకాణంలో వినిపించే గొంతు కాదు. "మా అత్తకు ఒకసారి చెప్పుకున్నా. ఇంకోసారి ఆ మాట ఎత్తితే పుట్టింటికి పంపేస్తానంది. ఎత్తలేదు."

"మీరూ నన్ను పుట్టింటికేగా పంపుతున్నారు."

కత్తెరమ్మ మళ్ళీ ముందుగది వైపు చూసింది.

"తప్పుడు తిరుగుళ్ళ జబ్బన్నారు నాది. కొలతలకు వచ్చినవాళ్ళ ముందు అన్నారు. మీకూ తిరిగితేనే వచ్చిందా?"

"మెల్లగా, మెల్లగా." కత్తెరమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ఈ ఇంటికి వచ్చాక అత్తగారి చెయ్యి తన ఒంటికి తగలడం కోడలికి గుర్తులేదు. "నాదే నీకు అంటిందేమో అనుకున్నా. ఆ స్నానాల పీట మీద నేనూ కూర్చునేదాన్ని. నీ మీద పెట్టకపోతే ఎక్కడిదీ అని వెతుకుతారు. వెతికితే నా దగ్గరికే వస్తారు."

"అందుకని బకెట్టు నాకు వేరు చేశారు."

"అవును."

"గుండీలక్కను గెంటేశారు."

"అవునమ్మా, అవును. ఏం కావాలిప్పుడు నీకు?"

"డాక్టరమ్మ దగ్గరికి రండి. ఏళ్ళ తరబడి వదిలేస్తే మంచిది కాదట."

"బట్టలు విప్పి పడుకోమంటుందా? చచ్చినా రాను."

"అయితే మీ అబ్బాయికి చెప్పండి. నాకున్నదే మీకూ ఉందని చెప్పండి."

"దానికన్నా ఆ బల్ల మీది కత్తెరతో పొడుచుకుంటాను." అది బెదిరింపులా అనలేదు. నిజం చెప్పినట్టే అంది.

కోడలు మూత బిగించింది, మోకాలి మీద పెట్టి గుంట చదును చేసింది, తోక మరో చుట్టు చుట్టింది. ఆవిడ ఆ చేతులనే చూస్తోంది, ఆకలి మీదున్న మనిషి పక్కవాళ్ళ కంచం చూసినట్టు.

"నేను రేపు ఎక్కడికీ వెళ్ళను. గుండీలక్క తిరిగి రావాలి. ఈ ట్యూబు నా పెట్టెలో తాళం వేసి ఉంటుంది. కావాలంటే పొద్దునే వచ్చి నోరు తెరిచి అడగండి. వేలికి పెడతాను."

"రోజూ అడగాలా?"

"నేనూ రోజూ మిషన్ మీద నుంచి లేచినప్పుడల్లా మీకు జవాబు చెప్పడం లేదూ?"

ఆ మధ్యాహ్నం కత్తెరమ్మ గుడ్డ మీద గీత గీస్తూ కొడుకుతో అంది. "పిల్ల ఎక్కడికీ పోదు. వాళ్ళన్నయ్యకు కబురు పెట్టు."

"మరి ఆ జబ్బో?"

"బడులు తెరుస్తున్నారు. కొత్తవాడొచ్చి నా కత్తిరింపుకు చెయ్యి కుదుర్చుకునేసరికి ఏడాది పడుతుంది. గుండీలదాన్ని కూడా రమ్మను."

"నువ్వేగా అన్నావు..."

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను."

అంటుజబ్బు కాదని అనలేదు. తప్పుగా అన్నానని అనలేదు. వాడూ ఎందుకని అడగలేదు. ఎవరు గట్టిగా అంటే వాళ్ళ మాటే వాడి మాట. పడక మాత్రం బల్ల మీదే ఉంచుకున్నాడు. గుండీలక్క సోమవారం వచ్చింది. ముక్కాలిపీట తుడుచుకుని కూర్చుంది, సూది అందుకుంది. బజారు కబురు ఒక్కటి చెప్పలేదు. కోడలు మంచినీళ్ళు ఇస్తే తీసుకుంది గానీ మొహంలోకి చూడలేదు.

కత్తెరమ్మ పొద్దునే వచ్చి అడిగింది. "కాస్త పెట్టు," అంది. ఏం పెట్టాలని కోడలు ఎదురడిగింది. "మందు," అంది ఆవిడ, గోడ వైపు చూస్తూ. ఆవిడ చాపిన వేలి మీద కోడలు బఠాణీ గింజంత పెట్టింది, అంతకు మించి పెట్టలేదు. మొదటి రోజు ఆ పనిలో ఎంతో తృప్తి ఉంది. రెండో రోజు కూడా తగ్గలేదు.

ఆ రోజే, కొడుకు బట్టల మూట ఇవ్వడానికి బయటికి వెళ్ళినప్పుడు, గుండీలక్క పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు, కత్తెరమ్మ కుట్టు చూడటానికి అన్నట్టు మిషన్ దగ్గరికి వచ్చి వంగింది. మిషన్ చప్పుడు ఆగకుండా, ఆ చప్పుడు చాటున అడిగింది.

"అంటదని డాక్టరమ్మ చెప్పిందన్నావు. నిజంగానే అందా? లేక నా నోరు ముయ్యడానికి అన్నావా?"

కోడలి పాదం ఆడుతూనే ఉంది. చొక్కా చెయ్యి సూది కిందికి వెళుతోంది.

"నిద్ర పట్టడం లేదు," అంది అత్తగారు. "నీకు నేనే అంటించానా అని. వాడికి కూడా, చంటివాడప్పుడు ఒళ్ళో వేసుకున్నాను కదా, ఏమైనా చేశానా అని. ఒక్క మాట చెప్పమ్మా."

ఒక్క మాటే. డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పిన మాట, ఈ గదిలోనే నిలబడి తను పదే పదే చెప్పిన మాట, ఒక్కరంటే ఒక్కరూ వినని మాట. నాలుక చివరే ఉంది. అత్తగారి పెదవులు ఆ మాట కోసం ముందే కదులుతున్నాయి.

"ఏమోనండీ," అంది కోడలు. "అంటుతుందని మీరే కదా అన్నారు. పెద్దవాళ్ళు, మీకు తెలియకుండా ఉంటుందా?"

కత్తెరమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి సుద్దముక్క అందుకుంది. గీత గీసింది గానీ కత్తెర పెట్టలేదు. గుండీలక్క లోపలికి వచ్చి, ఆవిడ మొహం చూసి, ఎంత కోపమున్నా ఉండబట్టలేక పీట ముందుకు జరిపింది.

"కూర్చోండమ్మా కాసేపు. అలసిపోయారు."

"నేను కూర్చోను," అంది కత్తెరమ్మ. "ఆ పీట నువ్వే వాడుకో. నేను ముట్టుకోనులే."

మర్నాడు కోడలు స్నానానికి వెళ్ళేసరికి మూలన సున్నం బకెట్టు లేదు. ఇంట్లోవాళ్ళందరూ వాడే మంచి బకెట్టు నిండుగా, పొగలు కక్కుతూ ఆమె కోసం పెట్టి ఉంది. కిటికీలోంచి చూస్తే పెరటి చివర, వేరే తాడు కింద, కత్తెరమ్మ ఆ సున్నం బకెట్టులో తన బట్టలు తను జాడించుకుంటోంది. కొడుకు పళ్ళు తోముకుంటూ అటు వెళ్ళాడు.

"అదెందుకమ్మా నీకు? అది దానిది కదా!"

"నాకిదే బాగుంది. నువ్వటు వెళ్ళు, ఇటు రాకు."

కోడలు కిటికీ రెక్క మూసింది. తెరిచి, అంటదని ఒక్క కేక వేస్తే వినపడేంత దూరంలోనే ఉంది ఆవిడ. కోడలు గడియ పెట్టుకుని, పీట మీద కుడివైపు ముందు మోపి కూర్చుంది. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. తొందరేమీ పడకుండా, నిదానంగా పోసుకుంది.